పిచ్చి ఏనుగు

ఉడత ఆ ఇంటి ఆడపడుచు. అసలు పేరొకటి ఉంది గానీ, ఆస్పత్రి లాండ్రీలో హాజరు పిలిచేటప్పుడు తప్ప అది ఎక్కడా పనికొచ్చేది కాదు. చిన్నప్పుడు ఏది దొరికినా బుగ్గన దాచుకునేదని అన్న పెట్టిన పేరు నలభై దాటినా వదల్లేదు. వదిన కాపురానికొచ్చిన వారానికే ఆ పేరు అందుకుంది. కాకపోతే మొదట్లో ఆవిడ నోట అది ముద్దుపేరులా కాక తిట్టులా పలికేది.

అన్న తక్కెడలు బాగుచేసేవాడు. బజారులో కొట్లవాళ్ళందరికీ ఆయన కాటా మేస్త్రి. వంటింటి వెనక గదే ఆయన దుకాణం. దానికి సందులోకి ఒక తలుపు, ఇంట్లోకి ఒక తలుపు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. సందు తలుపుకి లోపల గడియ పెట్టి, ఇంటివైపు తలుపుకి తాళం వేసి, తాళంచెవి వంటింటి గూట్లో పడేశారు. అప్పట్నుంచి ఆ తలుపు ఎవరూ తియ్యలేదు.

తియ్యలేదు సరే, లోపల పని మాత్రం ఆగలేదు.

ఉడత పొద్దుటి షిఫ్టు ముగించుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరేది. అప్పటికి వదిన బిస్కెట్ల ఫ్యాక్టరీకి బయల్దేరి వెళ్ళిపోయేది. ఆవిడది ప్యాకింగు పని, మధ్యాహ్నం షిఫ్టు. ఖాళీ ఇంట్లో ఉడత అన్నం తిని, కంచం కడిగి, చేతులు తుడుచుకుంటుండగా వినబడేది. పళ్ళెంలో తూకపు రాయి వేసిన చప్పుడు, టింగుమని. ఆ తర్వాత కాసేపు ఏమీ ఉండదు, ముల్లు ఊగి ఊగి నిలబడేంతసేపు. అప్పుడు అడ్డకడ్డీ మీద గోటితో కొట్టిన చప్పుడు, టక్కుమని. తక్కెడ సరిచూసేటప్పుడు అన్న బతికినన్నాళ్ళూ అలాగే చేసేవాడు. ఇద్దరూ ఇంట్లో ఉండే ఆదివారాలు మాత్రం ఏమీ వినబడేది కాదు.

మొదటిసారి విన్నప్పుడు ఆమె భయపడింది. ఎలకేమో అని సర్దిచెప్పుకుంది. ఎలక టింగుమనిపించగలదేమో గానీ, ముల్లు నిలబడేదాకా ఓపిక పట్టదు. రోజులు గడిచేకొద్దీ భయం పోయింది. భయం పోయాక, ఉన్నమాట చెప్పాలంటే, రోజు మొత్తంలో ఆమెకు ఇష్టమైన వేళ అదొక్కటే అయింది. లాండ్రీలో ఆవిరికి ఉడికిపోతూ దుప్పట్లు మడతపెడుతున్నప్పుడు కూడా, ఇంటికెళ్తే అన్న ఉంటాడు కదా అనుకునేది. వదినకు మాత్రం ఈ మాట చెప్పలేదు. చెబితే నవ్వుతుంది. నవ్వకపోతే డాక్టరు దగ్గరికి పదమంటుంది. రెండూ ఆమెకు ఇష్టం లేదు.

అలాంటిది, ఒక ఆదివారం వదిన టీ గ్లాసు ముందు పెట్టుకుని తాపీగా బాంబు పేల్చింది.

"మా ప్యాకింగులో ఒకావిడ కుట్టుమిషను పెట్టుకోడానికి గది వెతుక్కుంటోంది. వెనక గది ఇచ్చేద్దాం."

"అన్న గదా?"

"మీ అన్న గదే. మనకింకో గది ఎక్కడేడిసింది?"

"వద్దు వదినా."

"ఎందుకొద్దో చెప్పు మరి."

ఎందుకొద్దో ఏమని చెబుతుంది? ఉడత గ్లాసు అంచు గోకుతూ కూర్చుంది. కుట్టుమిషను వస్తే తక్కెడలు పోతాయి, బల్ల పోతుంది. అవన్నీ పోయాక అన్న ఎక్కడ కూర్చుంటాడు?

"అలాగే ఉండనీ. మనకి అడ్డం వచ్చిందా?" అంది చివరికి.

"ఇల్లన్నాక మనుషులు మసలాలి ఉడతా. తాళం వేసిన గదిని పక్కలో పెట్టుకుని ఎన్నాళ్ళు బతుకుతాం?"

"నేనుండగా ఇవ్వనివ్వను."

వదిన ఆమె మొహంలోకి కాసేపు చూసింది. "ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్లేదు," అంది. "సరే, ఆయన మీద సగం హక్కు నీది, సగం నాది. బోర్డు తీసుకురా. నేను గెలిస్తే గది ఇచ్చేస్తాం. నువ్వు గెలిస్తే ఆ ఊసే ఎత్తను."

వినేవాళ్ళకి ఇది చిన్నపిల్లల పందెంలా ఉంటుంది. ఆ ఇంట్లో మాత్రం బకెట్టు ఎక్కడ ఉండాలన్న దగ్గర్నుంచి అన్ని తగూలూ చదరంగం బోర్డు మీదే తేలేవి. వదిన వచ్చిన కొత్తలో ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఈవిడ తలుపు మూస్తే ఆవిడ తీసేది. మధ్యలో నలిగిన మేస్త్రి ఒకనాడు బోర్డు కొనుక్కొచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు. "నోటితో చేసే యుద్ధమేదో చేత్తో చేసుకోండి. నా చెవులకి కాస్త సెలవు దొరుకుతుంది," అన్నాడు.

ఆడటం ఇద్దరికీ ఆయనే నేర్పాడు. నేర్పింది ఒక పద్ధతిలో. ఓడినామె వెనక గదిలోకి వెళ్ళాలి. గెలిచినామె బయట అంట్లు తోముకోవాలి. లోపల ఆయన పని చేసుకుంటూనే, ఎక్కడ తప్పు ఆడిందో, ఈసారి ఏం చెయ్యాలో ఓడినామెకు చెప్పేవాడు. మర్నాడు ఆవిడ గెలిచేది, లోపలికి వెళ్ళే వంతు రెండోవాళ్ళదయ్యేది. ఆయన పనితనమే అంత. ఒక పళ్ళెం కిందికి దిగితే దాన్ని గీకి తేలిక చెయ్యడం ఆయనకు గిట్టదు. గీకిన ఇత్తడి మళ్ళీ రాదనేవాడు. తేలిక పళ్ళెం అడుగున చిటికెడు సీసం పోసి రెంటినీ సమానం చేసేవాడు. అలా పోసీ పోసీ చివరికి ఎవరు ఎవర్నీ గెలవలేని స్థితికి తెచ్చిపెట్టాడు ఇద్దర్నీ. ఆట మొదలైందంటే డ్రా అయినట్టే లెక్క. ఇరుగుపొరుగు చూడ్డం కూడా మానేశారు.

గది కోసం ఆడిన ఆటలూ అలాగే అయ్యాయి. ఆదివారం తర్వాత ఆదివారం డ్రా. ప్యాకింగు ఆవిడకు వదిన వచ్చే వారం, వచ్చే వారం అని చెబుతూ వచ్చింది. ఆవిడ ఓపిక కూడా అయిపోయింది. రేపు మాట చెప్పకపోతే ఇంకోచోట చూసుకుంటానంది.

"ఇవాళ తేలిపోవాలి," అంది వదిన, నల్ల పావులు తనవైపు పేర్చుకుంటూ.

"తేలనీ," అంది ఉడత.

కిటికీ పక్కన బల్ల. బయట ఎండ బాగా కాస్తోంది. వీధిలో ఎవరో సైకిలు పంపు కొడుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఉడత తెల్లబంటు ముందుకు జరిపింది. వదిన గుర్రాన్ని దూకించింది.

సగం ఆటకి ఉడతకు ఒక సంగతి అర్థమైంది. వదిన ఆడుతున్న తీరులో ఏదో తొందర ఉంది. ఎప్పుడూ ఒంటెను కదపడానికి అంతసేపు ఆలోచించే మనిషి, ఇవాళ గబగబా ఆడేస్తోంది. ఆ తొందరలో ఒక బంటు పోయింది, తర్వాత గుర్రం పోయింది. మంత్రులు రెండూ ఒకదాన్నొకటి తినేశాయి. చివరికి వదిన రాజు ఒక మూల ఇరుక్కుపోయాడు. ఆ రాజు ముందు బంట్లు రెండు, కదలడానికి వీల్లేకుండా ఉడత బంట్లకు ఎదురుగా నిలబడిపోయాయి. ఇంక మిగిలింది ఒక్క ఏనుగు. ఉడతకేమో ఏనుగూ ఉంది, అవతలి అంచుకి ఒక్క గడి దూరంలో బంటూ ఉంది. అది అడుగు వేస్తే మంత్రి అయిపోతుంది. అంతటితో ఆట సరి.

ఆమెకు ఒళ్ళంతా తేలికైంది. ఇన్నాళ్ళకు గెలుస్తోంది. గది అలాగే ఉంటుంది. రేపు మధ్యాహ్నం, ఎల్లుండి మధ్యాహ్నం, ఆమె ముసలిదయ్యేదాకా అన్న అక్కడే ఉంటాడు.

వదిన ఏనుగును ఎత్తి తెచ్చి, తెల్లరాజు పక్క గడిలోనే పెట్టింది. "చెక్," అంది.

దానికి వెనక ఏ అండా లేదు. ఊరికే వచ్చి నోటిముందు కూర్చుంది. ఉడత చెయ్యి దాన్ని తినడానికి లేచి, మధ్యలోనే ఆగిపోయింది.

అన్న మంచాన పడ్డ రోజుల్లో పొద్దున్నంతా వదిన చూసుకునేది, మధ్యాహ్నం నుంచి ఉడత. ఒక మధ్యాహ్నం ఆయన దిండుకి ఆనుకుని బోర్డు ఒళ్ళో పెట్టించుకున్నాడు. "ఇటు రా. ఇది పిచ్చి ఏనుగు," అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. "అంతా పోయిందనుకో. రాజుకి కదిలే చోటు లేదనుకో. మిగిలిన ఏనుగుని అవతలి రాజు మీదికి తోలు. తిన్నాడా, నీకింక ఎత్తు ఉండదు, డ్రా. తినలేదా, మళ్ళీ తోలు. ఎక్కడికి పారిపోయినా తోలుతూనే ఉండు." తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని, "మీ వదినకు చెప్పకు. ఇది నీ ఒక్కదానికే," అన్నాడు.

నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఏడాదిగా ఆ మాట కూడా పైకి రానివ్వలేదు. అన్న ఆమెకని విడిగా ఇచ్చిపోయింది అదొక్కటే. అలాంటిది ఇప్పుడు అదే ఏనుగు వదిన చేతిలోంచి వచ్చి ఆమె రాజు పక్కన నిలబడింది.

"ఇదెక్కడ నేర్చుకున్నావు?" అంది ఉడత.

"ఎక్కడో."

"అన్న చెప్పాడా?"

"ఆట ఆడు ఉడతా."

ఉడత తినలేదు. తింటే డ్రా. రాజును పక్కకు తప్పించింది. ఏనుగు వెంటబడింది. "చెక్." మళ్ళీ తప్పించింది. మళ్ళీ వచ్చింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఇక్కడ రాజే మొండికేశాడు. బోర్డు ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెత్తించింది. మంత్రి కావలసిన బంటు ఒక్క అడుగు వెయ్యడానికి తీరిక లేకుండా అలాగే చూస్తూ నిలబడింది. ఏడుపొస్తోంది ఆమెకు. ఓడిపోతున్నందుకు కాదు. తనకొక్కదానికే అనుకున్నది తనకొక్కదానికే కాదని తెలిసినందుకు.

అప్పుడామె వదిన వేళ్ళు చూసింది. ఏనుగును గడిలో పెట్టి, బొటనవేలితో ఒక్క మెలి తిప్పింది వదిన, మర బిగించినట్టు. అది అన్న అలవాటు. ఉడత తన రాజును జరిపింది. తన బొటనవేలు కూడా అలాగే తిరిగింది. ఎన్నో ఏళ్ళుగా తిరుగుతూనే ఉండి ఉంటుంది, ఎన్నడూ గమనించలేదంతే. బల్లకి అటూ ఇటూ కూర్చున్నది ఆడవాళ్ళిద్దరైనా, ఆడుతున్న చెయ్యి ఒక్కటే. తనతో తాను ఆడుకునేవాడు గెలిచేదెప్పుడు, ఓడేదెప్పుడు?

టింగుమంది వెనక గదిలో.

ఉడత చేతిలోని రాజు గాల్లోనే ఉండిపోయాడు. ఇద్దరూ ఇంట్లో ఉండగా ఎన్నడూ లేనిది ఇవాళ మోగింది. కదలకూడదని ఆమె తనకు తాను చెప్పుకుంది. తలెత్తి చూస్తే, వదిన చెయ్యి ఏనుగు మీద ఉన్నది ఉన్నట్టే ఆగిపోయి ఉంది. వేళ్ళు తెల్లబడేంతగా దాన్ని పట్టుకుంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు, ఇద్దరూ ఒక్కదానికోసమే ఎదురుచూస్తూ.

టక్.

వదిన ఊపిరి వదిలింది. వదిలిన తర్వాత గానీ, ఉడత తనవైపే చూస్తోందని ఆవిడకు తెలియలేదు.

ఉడత రాజును కిందికి దించి ఏనుగును తినేసింది. వదిన రాజుకి కదలడానికి చోటు లేదు. డ్రా.

"నీకూ వినబడుతుందా?" అంది ఉడత.

వదిన పావులు సర్దబోయి మానేసింది. "పొద్దున పూట," అంది. "నువ్వటు వెళ్ళగానే మొదలెడతాడు. మొదట్లో ఆ గుమ్మం దగ్గర ఎలకల బోను పెట్టాను. తర్వాత అట్లకాడతో తలుపు బాదాను. నాకు భయం ఉడతా. రోజూ భయమే. బతికున్నప్పుడు ఆ గదిలోంచి బయటికి రమ్మని మొత్తుకుంటే వచ్చేవాడు కాదు, ఇప్పుడు వెళ్ళమంటే వెళ్ళడు. అందుకే ఆ గదిలో ఎవరో ఒకర్ని పెడదామన్నాను."

"నాకు మధ్యాహ్నం పూట."

"ఇద్దరం ఇంట్లో ఉండగా వినబడింది ఇవాళే."

"నేను అందుకే వద్దన్నాను వదినా. పోతాడేమోనని."

వదిన ఉన్నట్టుండి నవ్వింది. "పొద్దున నాకు, మధ్యాహ్నం నీకు. చచ్చి కూడా తూకం తప్పలేదు చూడు."

"ఏనుగు సంగతి ఎప్పుడు చెప్పాడు నీకు?"

"మంచంలో ఉన్నప్పుడు. నీకు చెప్పొద్దన్నాడు, నువ్వు ఉడుక్కుంటావని. నా ఒక్కదానికే అన్నాడు."

"నాకూ అంతే అన్నాడు."

"చచ్చినవాడి కళ్ళు చేరెడంటారు. ఏడాదిగా అందరి దగ్గరా మహానుభావుడని చెప్పుకొస్తున్నాను," అంది వదిన. "ఒట్టి అబద్ధాలకోరు మీ అన్న."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఉడత కూడా నవ్వింది గానీ, లోపల ఒక మూల మండుతూనే ఉంది. సగమైనా తనకే దక్కింది కదా అని సరిపెట్టుకోవడానికి చాలా ప్రయత్నించింది.

తాళంచెవి వదినే తెచ్చింది. తుప్పుపట్టిన తాళం ఒక పట్టాన రాలేదు. తలుపు తీసేసరికి లోపల ఇత్తడి వాసన, సీసం వాసన, మూసిపెట్టిన గాలి వాసన. కొక్కేలకు తక్కెడలు వేలాడుతున్నాయి. బల్ల మీద దుమ్ము ఏ వేలిముద్రా లేకుండా సమంగా పరుచుకుని ఉంది. ఒక్క చిన్న తక్కెడ పళ్ళేలు మాత్రం కాస్తంత ఊగుతున్నాయి. తలుపు తీసిన గాలికే అయ్యుంటుంది. ఇద్దరూ గుమ్మంలోనే నిలబడి అది ఊగడం ఆగేదాకా చూశారు. లోపలికి అడుగుపెట్టలేదు. వదిన మళ్ళీ తాళం వేసింది.

మర్నాడు ఉడత లాండ్రీ నుంచి పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది. అన్నం తింది, కంచం కడిగింది, చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది. లోపల ఏ చప్పుడూ లేదు. వీధిలో ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. సాయంత్రం దాకా వంటింట్లోనే కూర్చుంది. ఆ మర్నాడూ అంతే, ఆ వారమంతా అంతే. ఎవరికి వారు దాచుకున్నన్నాళ్ళూ ఉన్నాడు. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోగానే పోయాడు. ఆయన పోయి ఏడాదైందని ఊరంతా అనుకుంటోంది గానీ, ఉడత లెక్కలో ఆయన ఆ ఆదివారమే పోయాడు, తన నోటిమాటతోనే పోయాడు. ఆ పని చేసినందుకు తనను తాను ఎలా క్షమించుకోవాలో ఆమెకు తెలియలేదు.

తర్వాతి ఆదివారం ఆమే ఎత్తింది మాట. "గది ఇచ్చేద్దాం వదినా. మీ ప్యాకింగావిడకు ఇంకా ఎక్కడా కుదరకపోతే రమ్మను."

వదిన తల తిప్పుకుంది. "తొందరేముంది?" అంది.

"నువ్వే కదా తొందరపడ్డావు."

"చూద్దాంలే. బోర్డు తేకు ఇవాళ, నాకు ఓపిక లేదు."

ఉడతకు ఆ జవాబు అంతుబట్టలేదు. భయం తీరినందుకు హాయిగా ఉండవలసిన మనిషి, మొహం పీక్కుపోయి తిరుగుతోంది. అడిగితే ఫ్యాక్టరీలో పని ఎక్కువైందంటుంది.

ఆ వారం మధ్యలో ఒక పొద్దున లాండ్రీలో బాయిలరు మొరాయించింది. బాగయ్యేసరికి సాయంత్రమవుతుందని అందర్నీ ఇళ్ళకు పొమ్మన్నారు. ఉడత ఎప్పుడూ రాని వేళకి ఇంటికొచ్చింది. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. చెప్పులు విప్పి లోపలికి వెళ్తే ముందు గదిలో వదిన లేదు. వంటింట్లో పొయ్యి వెలిగించిన గుర్తు లేదు.

వదిన వెనక గది తలుపు దగ్గర నేల మీద కూర్చుని ఉంది. జడ వేసుకోలేదు. పక్కన టీ చల్లారి మీగడ కట్టింది. చెంప తలుపుకి ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. తలుపు చెక్క అచ్చు చెంప మీద పడింది. పొద్దున్నుంచీ అక్కడే ఉందని చూడగానే తెలుస్తోంది. భయమన్న మనిషి, ఎలకల బోను పెట్టిన మనిషి.

అడుగుల చప్పుడుకి వదిన కళ్ళు తెరిచింది. దొంగతనం చేస్తూ పట్టుబడినట్టు లేవబోయింది.

"వస్తోందా?" అంది ఉడత.

వదిన లేదన్నట్టు తల ఊపింది. "ఉన్నన్నాళ్ళూ పొమ్మన్నాను ఉడతా," అంది.

ఉడతకు ఆవిడ మీద ఇన్నాళ్ళూ ఉన్న కోపం, అసూయ ఎక్కడికి పోయాయో తెలియదు గానీ, ఆ క్షణాన జాలి తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఆవిడ మీదా, తన మీదా సమానంగా. చేతిసంచి కింద పెట్టింది.

"కాస్త జరుగు వదినా," అంది.

వదిన జరిగింది. ఉడత పక్కన కూర్చుని తన చెంప కూడా తలుపుకి ఆనించింది. చెక్క చల్లగా ఉంది. వదిన షిఫ్టు వేళయ్యేదాకా ఇద్దరూ అలాగే కూర్చుని విన్నారు.